ఎర్త్ రాడ్ ఉండగా ఇన్ని వైర్లు ఎందుకన్నా? వర్టికల్ యాంటెనా కింద రేడియల్స్ కథ

పోయిన ఎపిసోడ్‌లో 40 మీటర్ల బ్యాండ్ కోసం మా పెరట్లో నిలబెట్టిన వర్టికల్ యాంటెనా చూపించాను కదా. అప్పట్నుంచీ చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, కింద సాలెగూడులా ఆ వైర్లేంటి? ఎర్త్ రాడ్ పాతావుగా, చాలదా?" చాలదు. రెండూ ఒకటే అనుకుని నేను ఒక రేడియో కాల్చుకున్నా. ఆ సంగతి చివర్లో చెప్తా.

ముందు రేడియల్స్. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర వేవ్‌లెంగ్త్ సుమారు 42 మీటర్లు. అందులో పావు వంతు, అంటే దాదాపు 10 మీటర్ల పైపు నిలబెట్టాం. కింద ఇన్సులేటర్ ఉంది, పైపు నేలకి తగలదు. కానీ ఇది సగం యాంటెనానే! కోయాక్స్ కేబుల్ నడిమి తీగ పైపుకి పోతుంది. మరి దాని చుట్టూ ఉన్న జాలీ, అదే షీల్డ్, ఎక్కడికి పోవాలి? పైపులోకి ఎంత కరెంట్ ఎక్కుతుందో అంతా ఇటువైపు నుంచి రావాలి. ఆ రెండో సగమే రేడియల్స్. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఇదే కథ, లోపలున్న బోర్డు తాలూకు గ్రౌండ్ కూడా యాంటెనాలో భాగంగానే పనిచేస్తుంది.

రేడియల్స్ లేకపోతే ఆ కరెంట్ మట్టిలోంచి రావాలి. మా దగ్గర రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఇప్పుడు చిన్న లెక్క. పావు వేవ్ వర్టికల్ రేడియేషన్ రెసిస్టెన్స్ సుమారు 36 ఓమ్‌లు. మట్టి వల్ల ఇంకో 36 ఓమ్‌లు నష్టం కలిసిందనుకోండి. మీరు 100 వాట్లు పంపితే 50 వాట్లే గాల్లోకి వెళ్తాయి. మిగతా 50 వానపాములకి వేడి!

తమాషా ఏంటంటే, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ఇది చెప్పదు. 36, 36 కలిపితే 72 ఓమ్‌లు, ఎస్‌డబ్ల్యూఆర్ 1.4. నష్టం 14 ఓమ్‌లకి తగ్గితే మొత్తం 50, మీటర్ మీద 1.0. నష్టం అసలు లేకపోతే ఒక్క 36 మిగులుతుంది, మళ్లీ 1.4! నేను 16 రేడియల్స్ దాటి ఇంకా వేస్తూ పోతే ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగింది. ఏదో చెడగొట్టానని కంగారుపడి సగం పీకేశా కూడా. నిజానికి అప్పుడే యాంటెనా బాగుపడుతోంది. డమ్మీ లోడ్‌కి కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1.0 వస్తుంది, దాంతో ఎవరితో మాట్లాడతాం చెప్పండి?

మరి ఎన్ని వేయాలి? 1937లో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ అనే ఇంజనీర్లు కొలిచి ఒక పేపర్ రాశారు. ఏఎమ్ స్టేషన్ల టవర్ల కింద 120 రేడియల్స్ అనే లెక్క దాంతోనే స్థిరపడింది. మనకి అంత అక్కర్లేదు. నేల మీద పరిచిన రేడియల్స్‌కి పొడవు కచ్చితంగా కోయనవసరం లేదు, నేల వాటి ట్యూనింగ్‌ని ఎలాగూ మార్చేస్తుంది. మీ దగ్గర 80 మీటర్ల వైరు ఉంటే 20 మీటర్లవి 4 వేసేకన్నా 5 మీటర్లవి 16 వేయడం మేలు. ఇంటి వైరింగ్‌కి వాడే మామూలు రాగి వైరు చాలు, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నా పర్లేదు. అల్యూమినియం మాత్రం వద్దు, మట్టిలో తినేస్తుంది.

కనెక్షన్ దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. పైపు మొదట్లో ఒక స్టెయిన్‌లెస్ ప్లేటు పెట్టి, ప్రతి రేడియల్‌కీ లగ్ క్రింప్ చేసి, స్టెయిన్‌లెస్ బోల్టుతో బిగించండి. కోయాక్స్ షీల్డ్ కూడా ఆ ప్లేటుకే. రాగిని జీఐ పైపుకి నేరుగా చుట్టకండి, తడి తగిలితే పైనున్న జింకు పూత పోతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ వాషర్ వేయండి.

ఇక కాలిపోయిన రేడియో. అప్పట్లో పిడుగు కోసమని యాంటెనా దగ్గర బొగ్గు, ఉప్పు వేసి విడిగా ఎర్త్ గుంత తీశా. ఇంటి కరెంటు ఎర్త్ ఇంకో మూల ఉంది. రెండిటినీ కలపలేదు. ఓ సాయంత్రం పక్క పొలంలో తాటిచెట్టు మీద పిడుగు పడింది. యాంటెనా మీద పడలేదు, రేడియో ఆఫ్‌లోనే ఉంది, కేబుల్ మాత్రం తగిలించి ఉంది. పిడుగు కరెంట్ నేలలోకి దిగినప్పుడు రెండు గుంతల మధ్య వోల్టేజ్ తేడా భారీగా వస్తుంది. ఆ రెండిటికీ ఉన్న ఒకే దారి నా కోయాక్స్ షీల్డ్, రేడియో బాడీ, పవర్ సప్లై ఎర్త్ పిన్. పొద్దున చూస్తే రెండూ పోయాయి.

ఇప్పుడు రేడియల్ ప్లేటు, ఎర్త్ గుంత, ఇంటి ఎర్త్ అన్నిటినీ వెడల్పాటి రాగి పట్టీతో కలిపేశా. పట్టీని ఎక్కడా మడత పెట్టలేదు, క్లాంపులే వాడా, ఎందుకంటే పిడుగు కరెంట్‌కి టంకం కరిగిపోవచ్చు. కోయాక్స్ ఇంట్లోకి వచ్చేముందు అరెస్టర్ ఉంది, దాని ఎర్త్ కూడా ఈ పట్టీకే. ఇంటి ఎర్త్ దగ్గర పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చేయించా, మీరూ సొంతంగా ముట్టుకోవద్దు. ఇంత చేసినా పిడుగు నేరుగా యాంటెనా మీదే పడితే నాకు నమ్మకం లేదు. అందుకే మబ్బు పడుతుండగానే కేబుల్ పీకి కిటికీ బయట పడేస్తా. ఉరుములు మొదలయ్యాక గుర్తొస్తే మాత్రం దాని దగ్గరికి కూడా పోను, పోతే రేడియో పోనీ.