ఎవరి యాస? ఎవరి కత్తి?

మంచూ దొరల లోగిలి. పెళ్లి కుదిరిన అమ్మాయి కుంచెను సిరాలో ముంచి, ఎదురుగా ఉన్నావిడ పేరు కాగితం మీద రాస్తుంది. తన పేరు అచ్చం ‘కత్తి’ అనే అక్షరంలా ఉందని ఆవిడ ఆశ్చర్యపోతుంది. రాతకూ కత్తిసాముకూ పోలిక ఉందంటుంది ఆవిడ. ఏమో, నాకు తెలీదంటుంది అమ్మాయి.

‘క్రౌచింగ్ టైగర్ హిడెన్ డ్రాగన్’లో ఇదో చిన్న సన్నివేశం. 2000లో వచ్చిన ఆ సినిమాను ఎన్నిసార్లు చూసినా నా చూపు అక్కడే ఆగిపోతుంది. ఎందుకంటే, తన పేరు చూసి ఆశ్చర్యపోయే షూ లియెన్‌గా నటించిన మిషెల్ యోకు చైనా లిపి చదవడం రాదు.

ఆమె పుట్టింది మలేసియాలోని ఇపోలో. ఇంగ్లిష్, మలయ్ మాటల మధ్య పెరిగింది. మాండరిన్ సంభాషణలను పలికే తీరుగా రాయించుకుని బట్టీపట్టింది. లీ ము బాయ్‌గా నటించిన చౌ యున్ ఫాట్ హాంకాంగ్ మనిషి, ఇంటిభాష కాంటనీస్. తొలిరోజు కేవలం భాష కుదరక 28 టేకులు చేయాల్సి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. చాంగ్ చెన్‌ది తైపీ, జాంగ్ జియీది బీజింగ్. దర్శకుడు ఆంగ్ లీ తైవాన్‌లో పుట్టినవాడు. ఇంతమందీ ఛింగ్ వంశకాలపు మనుషులై, ఎవరి యాసలో వాళ్లు మాట్లాడారు. సబ్‌టైటిళ్లు చదువుకుంటూ చూసిన మనకు ఆ తేడా వినపడనే వినపడదు. చైనాలో చాలామందికి మాత్రం అది పంటికింద రాయిలా తగిలింది.

వాళ్ల ఇబ్బందిని నేను కొట్టిపారేయను. కానీ ఎవరితోనో డబ్బింగ్ చెప్పించి అన్ని గొంతులనూ ఒకే అచ్చులో పోసి ఉంటే ఈ సినిమా ప్రాణం పోయేది. లీ ము బాయ్ షూ లియెన్ చేయి అందుకుని తన చెంపకు ఆనించుకునే ఘట్టం చూడండి. ఏళ్లుగా దాచుకున్న ప్రేమ అది. మాట పెగలదు. పరాయి భాషలో ఒక్కో పదం తూచి పలుకుతున్న ఆ ఇద్దరి తడబాటు, ఆ మౌనంలో చక్కగా ఒదిగిపోయింది. చైనాతనం బీజింగ్ ఉచ్చారణలోనే ఉందనుకుంటే, ఇపోలో స్థిరపడ్డ చైనీయుల మనవరాళ్లను ఏ లెక్కలో వేస్తాం?

సినిమాకు నాకున్న పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. షింజియాంగ్ ఎడారి ఇందులో ప్రేమికులు పారిపోయే చోటు. ఎర్రటి కొండలు, గుర్రాలు, దువ్వెన కోసం పోరాటం, అన్నీ కన్నులపండువే. ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న ఉయిగర్లలో ఒక్కరికీ ప్రధాన పాత్ర దక్కలేదు. అది లోటే.

మంచూల విషయంలో అలా జరగలేదు. మూలనవల రాసిన వాంగ్ దూలు బీజింగ్‌లోని మంచూ కుటుంబంలో 1909లో పుట్టాడు. రెండేళ్లకే వాళ్ల రాజ్యం కూలింది. ఆ తర్వాత తాము మంచూలమని చెప్పుకోవడానికే చాలామంది జంకిన కాలంలో, మంచూ ఇంటి ఆడపిల్లను ఆయన కథానాయికను చేశాడు. మంచూలు ఆడపిల్లల పాదాలు కట్టేవారు కాదు. మొదట్లో కుంచె పట్టిన అమ్మాయే, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లలో జెన్‌గా పిలిచే ఆ పిల్ల, రాత్రిపూట ఇళ్లకప్పుల మీద పరుగెత్తుతుంటే నాకు ముందు కనిపించేది ఆ కట్టని పాదాలే.

పదింటికి నామినేషన్, అందులో నాలుగు ఆస్కార్లు. ఆ లెక్క అందరికీ తెలుసు. జేడ్ ఫాక్స్ గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం. ఆ పాత్ర చేసిన చెంగ్ పెయి పెయి 1966లోనే ‘కమ్ డ్రింక్ విత్ మీ’లో మగవేషం కట్టి కత్తి తిప్పిన నాయిక. 2024లో కన్నుమూసింది. కత్తి పట్టిన ఆడవాళ్లకు తెర మీద దారి వేసిన మనిషికి ఆంగ్ లీ ఇచ్చింది విలన్ పాత్ర. అయితే ఆ విలన్‌కు న్యాయమైన కోపం ఉంది. కత్తివిద్య నేర్పే వుడాంగ్‌లో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. అక్కడి గురువు ఆమెను పడకకు రానిచ్చాడు, విద్య దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఆమె అతన్ని చంపి, ఆ విద్య రాసి ఉన్న గ్రంథం ఎత్తుకుపోయింది. ఏళ్లు గడిచాక అదే వుడాంగ్ తరఫున లీ ము బాయ్, జెన్‌ను శిష్యురాలిగా రమ్మంటాడు. దొరల బిడ్డ కోసం నియమం సడలుతుంది.

ఫాక్స్‌కు దొరికిన గ్రంథంలో బొమ్మలున్నాయి, పక్కనే అక్షరాలున్నాయి. చదువురాని ఆమె బొమ్మలు చూసి సాధన చేసింది, ఆ బొమ్మలనే తన శిష్యురాలైన జెన్‌కూ నేర్పింది. పిల్ల అక్షరాలు కూడా చదివింది. చదివానని గురువుకు చెప్పలేదు.