ఒకే సర్వర్ ఫోల్డరు రెండుసార్లు కనిపిస్తే తొందరపడి చెరపకండి

హోసూరు చుట్టుపక్కల తెలుగు బడుల్లో అటకల మీద మూలుగుతున్న పాత వాచకాలను మేము కొంతకాలంగా స్కాన్ చేస్తున్నాం. స్కాన్ చేసే పని ఒక పాత మ్యాక్ మీద జరుగుతుంది. రాత్రి పూట ఒక చిన్న స్క్రిప్టు ఆ ఫైళ్ళన్నిటినీ మూలనున్న నాస్ డబ్బాలోకి, అంటే మా చిన్న సర్వర్‌లోకి, చేరుస్తుంది. ఒకరోజు డెంకణికోట నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసి, నాలుగో తరగతి వాచకం సర్వర్‌లో కనిపించడం లేదన్నారు. మా మ్యాక్‌లో చూస్తే సర్వర్ ఫోల్డరు నిక్షేపంగా తెరుచుకుంది. పాత ఫైళ్ళన్నీ ఉన్నాయి. గత మూడు వారాలవి మాత్రం ఒక్కటీ లేదు. అంతకు రెండు రోజుల ముందే ఆ మ్యాక్‌ను ఫార్మాట్ చేసి ఒక బడికి ఇచ్చేద్దామని అనుకున్నాం. ఇచ్చేసి ఉంటే ఈ వ్యాసం రాసే మొహం మాకు ఉండేది కాదు.

బరంపురం, బళ్ళారి, యానాంలలో కూడా మనవాళ్ళు ఇలాంటి పని చేస్తుంటే పనికొస్తుందని, జరిగిందేమిటో విడమరిచి చెబుతున్నాం.

సర్వర్‌లోని ఫోల్డరును మన కంప్యూటర్‌కు తగిలించడాన్ని మౌంట్ చేయడం అంటారు. మ్యాక్‌లో ఇలా తగిలించినవన్నీ ‘వాల్యూమ్స్’ అనే ఫోల్డరు కింద చేరతాయి. మా సర్వర్ ఫోల్డరు పేరు ‘పుస్తకాలు’. కాబట్టి వాల్యూమ్స్ కింద ‘పుస్తకాలు’ అనే చోటు ఏర్పడి, సర్వర్‌లో ఉన్నవి అందులో కనిపిస్తాయి. ఆ పేరుతో అక్కడ అప్పటికే ఏదైనా ఫోల్డరు ఉంటే? మ్యాక్ గొడవ చేయదు, మనల్ని అడగదు. ‘పుస్తకాలు-1’ అని పేరు మార్చి తగిలించేస్తుంది. ఇబ్బందంతా ఆ మౌనంలోనే ఉంది.

మా దగ్గర ఒక రాత్రి కరెంటు పోయింది. మ్యాక్ యూపీఎస్ మీద నడిచింది, సర్వర్ ఆగిపోయింది. స్క్రిప్టు మాత్రం వేళకు లేచింది. వాల్యూమ్స్ కింద ‘పుస్తకాలు’ లేకపోవడంతో ఆ పేరుతో ఒక ఉత్త ఫోల్డరు తానే సృష్టించి, ఫైళ్ళన్నీ అందులో పెట్టి, పని అయిపోయిందని రాసుకుంది. ఆ ఫోల్డరు ఉన్నది మ్యాక్ సొంత డిస్కులో. తెల్లారి మేము మళ్ళీ సర్వర్‌ను తగిలిస్తే అది ‘పుస్తకాలు-1’గా వచ్చి కూర్చుంది. ఫైండర్‌లో క్లిక్ చేసి చూసుకునే మాకు తేడా తెలియలేదు. స్క్రిప్టుకు తెలిసిందల్లా పాత దారే, అందుకే రోజూ ఉత్త ఫోల్డరులోకే పోసింది. 2016లో వచ్చిన సియెర్రా నుంచి మామూలు ప్రోగ్రాములు వాల్యూమ్స్ కింద ఫోల్డర్లు సృష్టించలేవు. కానీ మా స్క్రిప్టుకు రూట్ అధికారం ఇచ్చి పెట్టాం, అదీ మా నిర్వాకం.

రెండుగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకే సర్వర్‌ను ఒకసారి పేరుతో, ఇంకోసారి ఐపీ నంబరుతో తగిలిస్తే, రెండూ ఒకటేనని కంప్యూటర్ గుర్తించకపోవచ్చు. అప్పుడు రెండూ నిజమైనవే, రెండు దారులూ ఒకే ఇంటికి పోతాయి. ఇది ఇంకా ప్రమాదం. డూప్లికేట్లు ఏరిపారేసే ప్రోగ్రాములు ఉంటాయి కదా, వాటికి ఒకే ఫైలు రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి చెరిపితే రెండూ పోతాయి, ఎందుకంటే ఉన్నదే ఒకటి. పైగా సర్వర్ మీద చెరిపింది మామూలుగా మ్యాక్ చెత్తబుట్టలోకి కూడా రాదు, అక్కడికక్కడే పోతుంది.

అందుకని ముందు ఏది ఏమిటో తేల్చుకోవాలి. టెర్మినల్ తెరిచి మౌంట్ అనే ఆజ్ఞ ఒక్కటి కొడితే చాలు, ఏ సర్వర్ ఏ చోట తగిలి ఉందో వరుసగా చూపిస్తుంది. ఆ జాబితాలో ఉన్నది నిజమైనది. వాల్యూమ్స్‌లో ఉండి జాబితాలో లేనిది ఉత్త ఫోల్డరు. తర్వాత రాత్రి స్క్రిప్టును ఆపి, ప్రోగ్రాములన్నీ మూసి, సర్వర్‌కు సంబంధించినవన్నీ ఎజెక్ట్ చేయండి. ఇంకా ఆ పేరుతో ఏదైనా మిగిలితే లోపల ఏముందో చూడండి. ఫైళ్ళుంటే వేరే చోటికి కాపీ చేసి, సర్వర్‌లో ఉన్నవాటితో పోల్చి, లేనివి చేర్చాకే పాతవి తీయండి.

ఖాళీ అయిన ఫోల్డరును తీయడానికి ఆర్ ఎం డీ ఐ ఆర్ అనే ఆజ్ఞనే వాడండి (ముందు సూడో ఉండాలి). అది ఖాళీ ఫోల్డరును తప్ప దేన్నీ ముట్టుకోదు. లోపలున్నవాటితో సహా ఊడ్చేసే ఆజ్ఞల జోలికి ఇక్కడ అస్సలు పోవద్దు. పొరపాటున సర్వర్ తగిలి ఉంటే ఊడ్చుకుపోయేది సర్వరే. ఖాళీగా ఉన్నా తీయనంటే, డీఎస్ స్టోర్ అనే దాగిన ఫైలు లోపల ఉందేమో చూడండి, మ్యాక్ తనంతట తాను పెట్టుకునేది అది.

లినక్స్‌లో ‘-1’ రాదు. సర్వర్ తగలనప్పుడు రాసినవి ఆ ఫోల్డరులోనే పడి, సర్వర్ తగలగానే దాని కింద దాక్కుంటాయి. విప్పితే తప్ప కనబడవు. అక్కడ ఏది ఎక్కడ తగిలిందో ఫైండ్ ఎం ఎన్ టీ (findmnt) ఆజ్ఞ చూపిస్తుంది. విండోస్‌లో నెట్ యూజ్ కొడితే జాబితా వస్తుంది. ఒకే సర్వర్‌కు ఒకే పేరు మీద రెండు వేర్వేరు యూజర్లతో వెళ్ళబోతే విండోస్ 1219 నంబరు లోపం చూపి ఒప్పుకోదు.

మేమిప్పుడు అన్ని కంప్యూటర్లలోనూ సర్వర్‌ను ఒకే పేరుతో పిలుస్తున్నాం, ఐపీ నంబరు వాడడం మానేశాం. సర్వర్ ఫోల్డరులో ‘గురుతు’ అని ఒక చిన్న ఫైలు పెట్టాం. రాత్రి స్క్రిప్టు ముందు దాన్ని వెతుకుతుంది, కనబడకపోతే ఒక్క ఫైలూ కదపకుండా ఆగి మాకు మెయిల్ పంపుతుంది. ఎవరైనా పనికిరాని ఫైలనుకుని చెరిపేస్తారేమోనని, ఇది ఎందుకుందో అందులోనే రెండు వాక్యాలు తెలుగులో రాసి పెట్టాం.