గచ్చు మట్టం చెప్పే నీళ్ళ గొట్టం

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో పాత ఇంటికి కొత్తగా బండలు పరిపించేటప్పుడు తాపీమేస్త్రి ముందుగా ఏం తీస్తాడో గమనించారా? సిమెంటు బస్తా కాదు, నీళ్ళు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టం!

అసలు పాత గచ్చు ఎగుడుదిగుడు ఎందుకవుతుంది? ఈ ప్రాంతంలో చాలాచోట్ల నల్లరేగడి నేల ఉంది. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పలుచని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఏటేటా ఇలా జరిగితే గచ్చు ఒకచోట లేస్తుంది, మరొకచోట కుంగుతుంది.

ఈ తేడాను కన్ను సరిగా పట్టలేదు. నీరు పడుతుంది. ఎలాగంటారా? గొట్టం రెండు కొనలమీదా వాతావరణ పీడనం ఒక్కటే. ఒకవైపు నీరు ఎత్తుగా ఉంటే అడుగున ఆ వైపు పీడనం ఎక్కువై, నీరు రెండోవైపుకు కదులుతుంది. రెండు మట్టాలూ సమమైనప్పుడే నిలుస్తుంది. గొట్టం ఎన్ని వంపులు తిరిగినా, పక్క గదిలోకి వెళ్ళినా ఇంతే! కాని లోపల గాలిబుడగ ఉన్నా, కొనను వేలితో మూసినా లెక్క తప్పుతుంది.

గుమ్మం దగ్గర గోడమీద 100 సెం.మీ. ఎత్తున గీత గీశారనుకోండి. ఒక కొనలోని నీరు ఆ గీతకు సరిగా నిలిచేలా పట్టుకొని, రెండో కొనలో నీరు నిలిచినచోట ప్రతి మూలా గుర్తు పెట్టాలి. గుర్తుల నుంచి కిందికి కొలిస్తే 98, 100, 101, 103 సెం.మీ. వచ్చాయి. ఏ మూల పల్లం? 103 వచ్చినదే! నేల గుర్తుకు ఎంత దూరమైతే అంత పల్లం.

ఎత్తుకూ పల్లానికీ తేడా 5 సెం.మీ. దీన్ని సిమెంటు మాలుతోనే పూడిస్తే సరిపోదు. కింది మట్టి మళ్ళీ కదిలితే బండలు పగులుతాయి. కుంగినచోట గచ్చు తవ్వి, వీలైనంత నల్లమట్టి తీసివేసి, గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. దానిపైన కాంక్రీటు వేయాలి. వాననీరు పునాది దగ్గర నిలవకుండా చూడాలి. ఆ తరువాతే దారం కట్టి బండలు పరవాలి. స్నానాలగదికి మాత్రం సమతలం పనికిరాదు. నీరు తూము వైపు పోవడానికి మీటరుకు 1 సెం.మీ. వాలు ఇస్తారు.

మీరూ పారదర్శకమైన గొట్టంలో రంగునీళ్ళు నింపి మీ తరగతి గది నాలుగు మూలలూ కొలవండి. తరువాత ఒక కొనలో కొంచెం కొబ్బరినూనె పోయండి. రెండు మట్టాలూ ఇంకా సమంగానే ఉన్నాయా? లేకపోతే కారణం ఏమిటో ఆలోచించండి.