స్త్రీల ఆశ్రయ గృహాలు – నిర్మాణంలో నివాసినుల, సిబ్బంది పాత్ర

ఇల్లు కట్టేటప్పుడు వంటగది ఎటువైపు ఉండాలో ఇల్లాలిని అడగటం మన వాడుక. నిరాశ్రయ స్త్రీలకై నిర్మించే గృహం విషయంలో ఈ ప్రశ్న సాధారణంగా పుట్టదు. నమూనా కార్యాలయంలో తయారవుతుంది. అందులో ఉండవలసినవారూ, సేవ చేయవలసినవారూ గోడలు లేచిన తరువాత వచ్చి చేరుతారు. ఈ లోపాన్ని గురించి కొంత వివరింపదలచాము.

మన కాజీపేట సికింద్రాబాదు, విజయవాడ, బల్హార్షా మార్గాలు కలిసే రైల్వే కూడలి. ఇంటి హింసకు తాళలేక బయలుదేరిన స్త్రీ ఏ అర్ధరాత్రో చంకబిడ్డతో దిగేది ఇటువంటి స్టేషనులోనే. అట్టివారికై కేంద్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్ 1న ‘సఖి’ కేంద్రాల పథకాన్ని ప్రారంభించింది. వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, ఐదు రోజుల వరకు వసతి ఒకేచోట లభింపజేయటం దీని ఉద్దేశం. బాధితురాలి తరఫున కోరినప్పుడు ఆశ్రయ గృహం వసతి కల్పించి తీరవలెనని 2005 నాటి గృహహింస చట్టంలోని 6వ సెక్షను చెబుతున్నది. చట్టం తలుపు తెరిపిస్తుంది గాని, లోపల ఆమె నిలుస్తుందా లేదా అన్నది చాలామట్టుకు కట్టడం మీద ఆధారపడి ఉంటుంది. అది చెరసాల వలె తోచినప్పుడు ఆమె హింసించిన ఇంటికే మరలిపోవచ్చును.

ఆగ్రాలోని స్త్రీల సంరక్షణ గృహంలో ఉన్నవారి దుస్థితి 1981లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్ అనే ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు సుప్రీంకోర్టుకు వ్రాసిన లేఖ వల్ల బయటపడింది. కోర్టు ఆ లేఖనే పిటిషనుగా స్వీకరించింది. స్నానపు గదుల గురించి చెప్పుకొనటానికి అంత పెద్ద న్యాయస్థానం దాకా పోవలసి రావటం ఎంత విచారకరం!

సిబ్బంది అనుభవమూ తక్కువది కాదు. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు వితంతు వివాహాలు ప్రారంభించగా వంటవారు, నీళ్ళవారు రావటం మానుకొన్నారు. రాజ్యలక్ష్మమ్మగారే నీళ్ళు మోసి వండి పెట్టారు. ఆ ఇంట తలదాచుకొన్నవారికి ఏమి కావాలో ఆమెకన్న ఎక్కువ ఎవరికి తెలుసు?

అయితే ఇరువురి కోరికలు ఒకటి కావు. వార్డెనుకు ఎత్తయిన ప్రహరీ, ఒకే ద్వారం, ఆఫీసు నుండి ఆవరణంతా కనబడటం ముఖ్యం. నివాసినికి గదికి లోపలి గడియ, బిడ్డకు పాలు కాచుకొనే పొయ్యి, పత్రాలు దాచుకొనే తాళపు పెట్టె, వజూకో పూజకో కాస్త చోటు, ఎదిగిన కొడుకును విడిచిపెట్టనక్కరలేని ఏర్పాటు ముఖ్యం. ఈ రెంటినీ పొసగించవచ్చును. టెల్ అవీవ్‌లో 2018లో పూర్తయిన ఒక గృహం బయటి నుండి కోటవలె మూసి ఉంటుంది. లోపల తోట, దాని చుట్టూ కుటుంబానికొక చిన్న ఇల్లు.

అడిగే పద్ధతి కూడ ఆలోచింపదగినది. కాగితం మీది ప్లాను చాలామందికి బోధపడదు. ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో గదుల హద్దులు గీసి, అందులో నడిచి చూడమనాలి. రాత్రివేళ లాంతరుతో స్నానపు గదికి పోయి రమ్మనాలి. భయం కలిగే మలుపు అప్పుడే తెలుస్తుంది. వార్డెను ఎదుట నివాసినులు నోరు విప్పరు గనుక వారిని వేరుగా, వంటమనిషిని, కాపలాదారును వేరుగా అడగటం మేలు. గృహం విడిచి వెళ్ళినవారి మాట మరీ విలువైనది, వారికి దాచవలసిన అవసరం లేదు గదా! ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన విద్యార్థినులు ఈ మాటలను వ్రాసిపెట్టటంలో తోడ్పడగలరు. పేర్లు మాత్రం వ్రాయరాదు. ఏ కోరికను నమూనాలో చేర్చారో, దేనిని ఎందుకు చేర్చలేదో తిరిగి వచ్చి వారికి చెప్పటం కూడ ఈ పనిలో భాగమే.