టైడా కొండదారిని టర్బో కారు, టర్బో లేని కారు

నలుడు ఋతుపర్ణుని రథము తోలిన కథ నెఱుగని ఇల్లాలు మన దేశమున అరుదు. ఉత్తరీయము జాఱిపడినదని ఆ రాజు చెప్పునంతలోనే రథము యోజనము దూరము దాటిపోయెనట. ఆ వేగమునకు గుఱ్ఱముల బలముకంటె వాని హృదయ మెఱిగిన సారథి నేర్పే ముఖ్యము. నేటి వేగపు కార్లకును అశ్వశక్తియే కొలత. కాని వాని హృదయ మెట్టిదో తెలిసికొనక లక్షలు పోసి కొనువారు పెక్కురు. ఇంటి ధనము వెచ్చించునపుడు ఇల్లాలికి ఆ సంగతి తెలియవలదా? ఇది మగవారి ముచ్చట యని సోదరీమణులు పుట తిరుగవేయకుందురు గాక.

ఇంజనుకు పెట్రోలెంత అవసరమో గాలియు నంత అవసరము. మన కట్టెలపొయ్యి తనంత తాను గాలి నందుకొని మండును; కమ్మరి కొలిమి తిత్తి యూదగా మండును. నాచురల్లీ యాస్పిరేటెడ్ అనెడి ఇంజను పొయ్యివంటిది. పిస్టను క్రిందికి దిగినపుడు ఎంత గాలి లోనికి వచ్చునో అంతయే దాని గ్రాసము. టర్బో ఇంజను కొలిమివంటిది. ఐతే ఈ తిత్తి నూదుటకు వేఱొక మనిషి అక్కఱలేదు. ఇంజను విడిచెడి పొగయే ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసున కమర్చిన రెండవ చక్రము బయటి గాలిని అదిమి లోనికి త్రోయును. నిమిషమునకు లక్షకు పైబడి చుట్లు తిరుగును! అదిమిన గాలి వేడెక్కును గనుక దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు అను మఱియొక అమరిక యుండును.

ఈ యుపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. దీని గొప్పతనము కొండమీదనే బయటపడినది. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను నాతడు ఒక విమానపు ఇంజనును 14,000 అడుగుల పైక్స్ పీక్ శిఖరమునకు లారీపై మోయించి పరీక్షించెను. క్రింద 350 అశ్వశక్తి గల ఆ ఇంజను పైని పలుచని గాలిలో 230కి దిగిపోయెను. టర్బో బిగింపగా 356 ఇచ్చెను. కార్లకు ఈ తిత్తి 1962లో అమెరికాలో వచ్చెను. 1975 నాటి పోర్షే 911 టర్బో పేరు మోసినది. టర్బో లేని 458 కారుతో కీర్తి గడించిన ఫెరారీవారును 2015లో దాని స్థానమున టర్బో గల 488ను దింపిరి. మన పెనుకొండలో తయారగు కియా సెల్టోస్ కారు 2023లో ఈ రెండు విధములను వచ్చెను. రెండును ఒకటిన్నర లీటరు ఇంజనులే. టర్బో లేనిదానికి 115 అశ్వశక్తి, ఉన్నదానికి 160.

ఇక మా యింటి మాట. మా మఱదు లిద్దఱును విశాఖపట్టణమున ఒక్క ఇంటనే కాపురముండి వ్యాపారము చేయుచున్నారు. ఆ యుమ్మడి ధనముతోనే రెండు వేగపు కార్లు సమకూర్చిరి. పెద్దవానిది ఫోర్డు మస్టాంగు. ఐదు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, టర్బో లేదు. చిన్నవానిది బీఎండబ్ల్యూ జీ-4. మూడు లీటర్లు, ఆఱు సిలిండర్లు, టర్బో గలదు. మొన్నటి సంవత్సరము పెద్ద మఱిది కూతురికి వైద్యవిద్యలో ప్రవేశము దొరకినది. రుసుము చూడగానే ఒక కారు అమ్మక తప్పదని తేలిపోయెను. ఏది యనునదే తగవు. అన్నదమ్ములు మూడు వారములు వాదులాడి, తుదకు కార్తికమాసమున అందఱము రెండింటను అరకు పోయి వచ్చి తేల్చుకొందమనిరి. మా తోడికోడలు రెండును తోలగలదు. తీర్పు చెప్పుట ఆమె వంతైనది.

శృంగవరపుకోట దాటినది మొదలు మార్గము కొండ నెక్కును. పట్టణమునకు సుమారు 75 కిలోమీటర్ల దూరమున, కొండల నడుమ, టైడా యున్నది. పర్యాటకశాఖవారి కొయ్యకుటీరములును, చెట్లపై పక్షులును, దూరమున రైలు సొరంగములును గలవు. ఆపై అనంతగిరి కాఫీతోటలు; సిల్వరోకు చెట్లకు మిరియపు తీగెలు ప్రాకియుండును. అరకు చేరునప్పటికి సముద్రమునకు 900 మీటర్ల పైని యుందుము. అంత యెత్తున గాలి యొత్తిడి పదవవంతు తగ్గును. టర్బో లేని ఇంజను బలమును రమారమి అంతే తగ్గును. టర్బో తిత్తి ఆ లోటును చాలవఱకు పూడ్చును.

టార్కు అనెడి త్రిప్పుడు బలము ఈ రెండింటికిని ఇంచుమించు సమానము. దానికి 515, దీనికి 500 న్యూటన్ మీటర్లు. కాని జీ-4 ఆ బలమును నిమిషమునకు 1,600 చుట్లకే ఇచ్చును. మస్టాంగు 4,250 చుట్లకుగాని పూర్తిగా ఇయ్యదు. కావున ఎక్కుడులో చిన్న మఱిది కారు గేరు మార్చు శ్రమ లేకయే పోవుచుండెను. పెద్దవాని కారు గర్జించుచు ఎక్కెను. ఆ గర్జనయే దాని సొగసని ఆతడనును. మాకు మాత్రము పదియవ మలుపునకు తలనొప్పి వచ్చినది.

ఐనను మా తోడికోడలు మెచ్చుకొన్నది మస్టాంగునే. టైడా దగ్గఱ మలుపు తిరుగగానే, తలలపై కట్టెల మోపులతో ఆదివాసి స్త్రీలు వరుసగా రోడ్డంచున నడచివచ్చుచుండిరి. ఆ ఘాటులో కాలిబాట వేఱుగా లేదు. వారి దారియు నదే, మన దారియు నదే. అట్టిచోట కాలితో ఎంత నొక్కిన అంతయే కదలెడి బండి కావలెనని ఆమె వాదము. టర్బో కారులో నొక్కిన తరువాత చక్రము వేగ మందుకొను దాక రవ్వంత జాగు, ఆ వెనుక ఒక్కుమ్మడి దూకుడు. ఈ కాలపు కార్లలో ఆ జాగు చాల తగ్గినదని చిన్న మఱిది చెప్పిన మాట నిజమే. "మీరు తగ్గినదనుచున్నారు, నాకు లేకుండవలెను" అని ఆమె బదులు చెప్పెను.

దిగునపుడు మఱియొక భేద మున్నది. తక్కువ గేరులో నుంచినచో ఇంజనే బండిని పట్టి ఆపుచుండును. పెద్ద ఇంజనుకు ఆ పట్టు హెచ్చు. అది యెఱుగక బ్రేకుమీదనే కాలుంచినచో బ్రేకులు కాలి పట్టు తప్పును. అనంతగిరినుండి కోటదాక ఆమె తక్కువ గేరులోనే దింపెను.

టర్బో గల కారు కొనువారికి రెండు మాటలు. ఎక్కుడు ముగిసినంతనే తాళము త్రిప్పి ఆపవలదు. ఒకటి రెండు నిమిషములు ఊరక తిరుగనిచ్చినచో కాగిన ఇరుసునొద్ద నూనె మాడదు. ఇంజను నూనె గడువు దాటకుండ మార్పింపవలెను. ఇక ఏ వేగపు కారైనను నేలకు తగ్గియుండును. పల్లెల యెదుట స్పీడు బ్రేకర్లపై అడ్డముగా, మెల్లగా దాటింపవలసినదే.

జీ-4లో ఆసనములు రెండే. మా అత్తగారికిని ఊరగాయ జాడీకిని అందు చోటులేదని తోడికోడలు కడపటి మాటగా అన్నది. అత్తగారు నవ్విరి గాని కాదనలేదు. పుష్యమాసమున జీ-4 అమ్ముడుపోయెను; ఆ సొమ్ము పిల్ల రుసుమునకు కట్టిరి. చిన్న మఱిది నెలదినములు ముభావముగా నుండెను. ఇపుడు ఆదివారము లందు వదినగారిని తాళపుచెవి యడుగుచున్నాడు.