కందెన లేని ఇంధనము

ఇరుసునకు కందెన వేయక బండి తోలిన నేమగునో మీరెరుగుదురు. యంత్రములకును అదియే గతి.

అనేక డీజిలు యంత్రములలో ఇంధనమును చిమ్మెడి పంపునకు వేరు కందెన లేదు. అది త్రోయు ఇంధనమే దానికి కందెన. 1925 ప్రాంతమున జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అను శాస్త్రజ్ఞులు బొగ్గునుండి తీసిన వాయువులతో కృత్రిమ ఇంధనము చేయు మార్గము కనిపెట్టిరి. అందు గంధకము దాదాపు లేదు. కాని లోహమునంటి దానిని కాపాడెడి పదార్థములును అందు లేవు. స్వీడను దేశమున 1991 పిమ్మట గంధకము తీసివేసిన డీజిలు వాడగా పంపులు త్వరగా అరిగిపోయినవి.

విద్యార్థిగా నుండగా నేనీ అరుగుదలను కొలిచితిని. 6 మిల్లీమీటర్ల ఉక్కుగుండును ఇంధనములో మునిగిన ఉక్కుబిళ్లపై సెకనుకు 50 మారులు, 75 నిమిషములు రాపాడింతుము. పిదప గుండుపై నేర్పడిన అరుగుమచ్చను సూక్ష్మదర్శినితో చూతుము. ఐరోపా నిబంధన ప్రకారము అది 460 మైక్రానులు, అనగా అర మిల్లీమీటరుకంటె కొంచెము తక్కువ, మించరాదు. శుద్ధ కృత్రిమ ఇంధనముతో మచ్చ ఆ హద్దు దాటినది. గింజల నూనెనుండి చేసిన జీవ ఇంధనమును నూటికి రెండు పాళ్లు కలుపగా హద్దులోనికి వచ్చినది.

కావున క్రొత్త ఇంధనము మీ యూరికి వచ్చినపుడు, పొగ తక్కువా యని మాత్రమే గాక, పంపును కాపాడునా యనియు నడుగుడు. మలినముతో పాటు పోయిన మేలును మరల చేర్చుకొనుటయే వివేకము.