చెరువు ఎవరిది? పేరు ఎవరిది?

“పేరు గొప్ప, ఊరు దిబ్బ” అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయినా పేరు అక్కరలేని మనిషి ఎక్కడున్నాడు, చెప్పండి!

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరం వెళ్ళే దారిలో ఇబ్రహీంపట్నం ఉన్నది. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు బోలెడు. ఈ రోజుల్లో చదువుతోపాటు మరొక విద్య కూడా కుర్రవాళ్ళకు తప్పడంలేదు. తమను గురించి తామే నాలుగు ముక్కలు పొందికగా రాసుకోవాలి. మంచి ఫోటో పెట్టుకోవాలి. సోషల్ మీడియాలో పదిమంది కంట పడాలి. దీనికే పర్సనల్ బ్రాండింగ్ అని పేరు. “సొంత డబ్బాకు ఇంత పెద్ద పేరా!” అని తాతగారు ముక్కున వేలేసుకుంటారు. కాని ఈ విద్య కొత్తదేమీ కాదు. ఇబ్రహీంపట్నం కథే అందుకు సాక్ష్యం.

1550 నుంచి 1580 వరకు గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరున వెలసిన ఊరిది. రాజు కాకముందు ఆయన అన్నగారికి జడిసి, విజయనగరంలో అళియ రామరాయల వద్ద ఏడేళ్ళు తలదాచుకున్నాడు. తెలుగంటే మక్కువ. మన కవులు ఆయనను ‘మల్కిభరాముడు’ అన్నారు. సుల్తానుగారు ఎంత చక్కగా తెలుగువాడై పోయాడో చూడండి! అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పత్రికలు, రేడియోలు లేని ఆ కాలంలో కావ్యాంకితాన్ని మించిన ప్రచారం ఏముంటుంది?

అయితే 1565లో ఆ రామరాయల మీదికే దండెత్తిన సుల్తానులలో ఈయన కూడా ఒకడు. కావ్యం కీర్తిని నిలిపింది గాని, చేసిన పనిని చెరపలేకపోయింది.

ఇక చెరువు కథ వినండి. 1562 ప్రాంతంలో హైదరాబాదు దగ్గర పెద్ద చెరువు తవ్వించే పనిని సుల్తాను హుసేన్ షా వలీకి అప్పగించాడు. సొమ్ము రాజుగారిది. కాని దగ్గరుండి పని చేయించినవాడు వలీ. జనం దానిని హుసేన్ సాగర్ అనేశారు! సుల్తాను చిన్నబుచ్చుకుని, తన పేరు నిలవాలని ఇబ్రహీంపట్నంలో మరొక చెరువు తవ్వించాడని చెప్పుకుంటారు. ఇది జనం నోట నిలిచిన కథ.

ఆజ్ఞ ఇచ్చినవాడి పేరుకంటే, ఎండలో ఎదురుగా నిలబడినవాడి పేరే జనం నాలుకకు అలవాటవుతుంది. పౌరసంబంధాల విద్యకు అదే ఓనమాలు. 1906లో అమెరికాలో ఐవీ లీ అనే ఆయన పత్రికలకు ఒక ప్రకటన పంపాడు: తమ పని చాటుమాటుగా సాగదనీ, ఇచ్చే సమాచారం నిక్కమైనదనీ దాని సారాంశం. అంటే ప్రచారానికి కూడా పునాది నిజమేనన్నమాట.

కనుక తమ్ముళ్ళూ, మీ గురించి మీరు రాసుకోండి; తప్పులేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు. కాని “నేను సమర్థుణ్ణి” అని రాయడానికి ముందు, ఏ పని చేశారో, ఎప్పుడు చేశారో, ఎవరికి ఉపయోగపడిందో రాయండి. తోడుగా పనిచేసినవారి పేరు కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో మీ పేరేమీ తరిగిపోదు.

అన్నట్టు, సుల్తాను తన పేరు కోసం తవ్వించాడనే ఆ చెరువును ఊళ్ళో ఇప్పటికీ ఏమంటారో తెలుసా? పెద్ద చెరువు!